పంపుపోటు నోర్చిన గోపురములు

చికాగో నగరమున మిచిగన్ వీథిలో 1869లో నిర్మించిన సున్నపురాతి గోపుర మొకటి నేటికిని నిలిచియున్నది. 1871లో నగరమును దహించిన మహాగ్ని దానిని కూల్చలేకపోయెను. 1882లో ఆ నగరమునకు వచ్చిన ఆస్కార్ వైల్డ్ దాని బురుజులను, కొమ్ములను చూచి పరిహసించెను. కవిగారి రుచిని కాదనుట నా యుద్దేశము కాదు గాని, ఆయన చూడనిది గోపురగర్భమున నుండెను: మూడడుగుల వ్యాసమును, 138 అడుగుల యెత్తును గల నిలువు గొట్టము. ఎదుటనున్న పంపుహౌసు నుండి వెలువడు నీటిపోటును ఆ గొట్టము భరించుటకును, ఆ గొట్టమును చలిగాలుల నుండి కాచుటకును ఇంత శిల్పము కట్టవలసివచ్చెను.

ఆ కాలపు ఆవిరిపంపులు ఏకధారగా నీటిని త్రోయునవి కావు. ముషలకము ముందునకు సాగినపుడు నీరు కదలును, వెనుకకు మరలినపుడు నిలువజూచును. రెండడుగుల వ్యాసమును, మైలు పొడవును గల గొట్టములో నిలిచియున్న నీరు సుమారు 470 టన్నుల బరువుండును. నిశ్చలముగా నున్న అంతటి భారమును పంపు ఒక్కసారిగా త్రోసినచో, ఎదుటి నీరు కదలనేరక యెదురు నిలుచును. దారి దొరకని యొత్తిడి పోతయినుప గొట్టముపైకి మరలును. పోతయినుము సాగెడి గుణము లేనిది, అది పగులును. గొట్టమునకు ప్రక్కగా, పైన తెరచియున్న నిలువు గొట్టమును నిలిపినచో, పంపు విసరిన అధికజలము అందులోనికి కొన్ని యడుగు లెగయును, పంపు విశ్రమించినపుడు దిగి వీథులకు పోవును.

లండనునకు పశ్చిమముగా క్యూ వంతెన చెంత 1846లో నెలకొల్పిన కార్నిష్ యంత్రము ఒక్కొక్క పోటునకు 472 గ్యాలనుల నీటిని త్రోసెడిది. దానికి 1867లో దాదాపు 200 అడుగుల ఇటుక గోపురమును తోడుచేసిరి. ఇచ్చట భయము ద్వివిధము: పోటు వలన గొట్టము పగులుట యొకటి, ఎచ్చటనో గొట్టము పగిలి, మోయవలసిన భారము హఠాత్తుగా తొలగి, యంత్రమే తన్నుకొని విరుగుట వేఱొకటి. గోపురములోని నీటికంబము రెంటికిని అడ్డుపడెడిది. లూయివిల్ నగరమువారు 1860లో ఇట్టి గొట్టమునే గ్రీకు స్తంభముగా మలచి, దాని పాదమున దేవతామూర్తులను నిలిపిరి. 1890 మార్చి 27న సుడిగాలి దానిని నేలగూల్చెను, వారు మరల నిలిపిరి.

గోపురము కట్టలేనివారు పంపునకు గాలిగదిని అమర్చుకొనెడివారు. నొక్కబడిన గాలి పోటును మ్రింగి, మెల్లగా విడుచును. ఆ గాలి క్రమముగా నీటిలో కలిసిపోవుట దాని లోపము. ఇదే పోటును దాసునిగా చేసికొన్నవారును కలరు: 1796లో ఫ్రాన్సున మాంగోల్ఫియే నిర్మించిన యంత్రము, ఆవిరి లేకయే, పారెడి నీటిని చప్పున నాపి పుట్టిన యొత్తిడితో కొంత నీటిని పైకెక్కించెను.

అయితే పోటు ఎంత బలమైనదో లెక్కకట్టి సహేతుకముగా నిరూపించిన ఘనత మాస్కోకు చెందును. అచ్చటి జలశాఖవారు ప్రధాన గొట్టములు కారణము తెలియక పగులుచుండగా విసిగి, తరువాతి కాలమున రష్యా విమానశాస్త్రమునకు పితామహుడని పేరొందిన నికొలాయ్ ఝుకోవ్‌స్కీని ఆశ్రయించిరి. ఆయన 1897, 98 సంవత్సరములలో అలెక్సేయెవ్ పంపుహౌసు వద్ద రెండు, నాలుగు, ఆరు అంగుళముల గొట్టములపై ప్రయోగములు జరిపి, ఒత్తిడి గొట్టము వెంబడి తరంగమై సెకనుకు సుమారు వేయి మీటర్ల వేగముతో పరుగెత్తుననియు, నీటివేగము సెకనుకు ఒక్క మీటరు చప్పున మారినచో రమారమి నూఱు మీటర్ల నీటియెత్తుకు సమానమైన యొత్తిడి పుట్టుననియు స్థాపించెను. ఆ తరంగము గొట్టము తుదకు పోయి మరలివచ్చునంతకన్న మెల్లగా వాల్వును త్రిప్పినచో దెబ్బ తగ్గును. ఐదు కిలోమీటర్ల గొట్టమునకు అది పది సెకనులు. తరంగపు గీతలను పరిశీలించి గొట్టములో నీరు కారుచున్న తావును పట్టవచ్చుననియు ఆయన సూచించెను. అతని ప్రతిభకు ఇదియే నాకు మిక్కిలి ముచ్చటైన నిదర్శనము.

ఈలోగా విద్యుత్తు వచ్చెను. సెంట్రిఫ్యూగల్ పంపులు ఏకధారగా నీటి నిచ్చుటచే గోపురముల యవసరము తీరెను గాని, ఆవిరియంత్రము తీరికగా పుంజుకొన్న వేగమును మోటారు కొన్ని సెకనులలోనే అందుకొనుటచే పోటు క్రొత్త ద్వారమున ప్రవేశించెను. అందుచేత డెలివరీ వాల్వును మూసియుంచి మోటారు నడిపి, ఒత్తిడి నిలకడపడిన పిదప వాల్వును కొద్దికొద్దిగా విప్పుట ఆపరేటరుల యాచారమైనది. అట్లు చేసినపుడు మోటారుపై భారమును తక్కువే. వాల్వు మూసియుండగా పంపును తడవుగా నడుపరాదు, లోని నీరు వేడెక్కును. ఖాళీ గొట్టమును నింపునపుడు మఱింత నిదానము వలయును, ఏలయన లోపల చిక్కిన గాలి ఎయిర్ వాల్వుల నుండి వెడలకమున్నే నీరు తోసికొనివచ్చినచో తుదిక్షణమున తగులు తాకిడి ఘోరముగా నుండును.

వాల్వు నిదానమెంత యున్నను కరెంటు పోయినపుడు అది పనికిరాదు. పంపులన్నియు ఒక్కమాటుగా ఆగును. కాళేశ్వరము ఎత్తిపోతల పథకమున గోదావరి నీటినెత్తు లక్ష్మీపూర్ భూగర్భ పంపుహౌసులో ఒక్కొక్కటి 139 మెగావాట్ల పంపులు ఏడు కలవు. వాటికి ముందు భూమిని తొలిచి సర్జ్‌పూల్ నిర్మించిరి. పంపు మొదలైనపుడు సొరంగములోని నీరు వేగమందువఱకు ఆ మడుగు నీరిచ్చును. పంపులు ఆగినపుడు, ఆగనేరక వచ్చుచున్న నీటిని తనలోనికెత్తుకొనును.