కుంపిణీ ప్రభుత్వము – మిషనరీలపై నిర్బంధము

మత్తయి, మార్కు, లూకా సువార్తల తెలుగు అనువాదములు 1812లో శ్రీరామపురమున అచ్చైనవి. విశాఖపట్టణమున లండను మిషనుకు చెందిన క్రాన్, డిగ్రాంజస్ పూనికతో సాగిన కృషికి ఫలమవి. తెలుగు నేలపై పుట్టిన గ్రంథము వంగదేశమునకు పోవుట అచ్చుయంత్రము అచ్చటనుండుటచేతనే. కాని ఆ యంత్రము అచ్చట నెలకొనుటకు కుంపిణీ నిర్బంధమే కారణము.

ఈస్టిండియా కుంపిణీ అనుమతి లేక ఐరోపీయుడు దాని సీమలో నివసింపరాదు. మతప్రచారకులకు వీలు కల్పింప విల్బర్‌ఫోర్సు 1793లో పార్లమెంటున యత్నించెను గాని కుంపిణీ అధిపతులు సాగనీయలేదు. ఆ యేటనే అనుమతి లేక డేనిష్ ఓడలో వచ్చిన విలియం కేరీ కొన్నేండ్లు నీలిమందు కర్మాగారమున పనిచేసి, 1800లో డేనిష్‌వారి శ్రీరామపురము చేరెను. క్రాన్, డిగ్రాంజస్‌లును 1804లో డేనిష్‌వారి తరంగంబాడిలోనే దిగి, మరుసటి యేట విశాఖకు వచ్చిరి. క్రైస్తవ ప్రభుత్వము అడ్డగించిన ప్రచారకులకు మరియొక క్రైస్తవ రాజు రేవులే శరణ్యమైనవి.

ఈ నిర్బంధమును స్వదేశ మతములయెడ గౌరవముగా భావించుట కలదు. నాకట్లు తోచదు. 1806 జూలై 10న వేలూరు సిపాయీలు తిరుగబడిరి. నొసటి చిహ్నములను నిషేధించి, క్రొత్త తలపాగాను విధించిన సైనికాజ్ఞ అందులకు ముఖ్యకారణము. అయినను నింద ప్రచారకులపైకి మరలెను. 1807లో మింటో ప్రభుత్వము శ్రీరామపుర ముద్రణాలయమును కలకత్తాకు తరలింపజూచెను. 1812లో అమెరికానుండి వచ్చిన జడ్సనును వెడలిపొమ్మనెను. రాబడికిని, సిపాయీల విధేయతకును భంగము కలుగునని తోచినప్పుడే కట్టడి బిగిసినది. 1813 చార్టరు చట్టము లైసెన్సుపై ప్రచారకులకు త్రోవ తెరచెను.

ఈ వాదములన్నిటను ప్రచారకుడు రావచ్చునా అనునదే ప్రశ్న. మతము మారినవాని గతి యేమని అడిగినవారు అరుదు. విశాఖ అనువాదమునకు తోడ్పడిన ఆనందరాయరు అట్లు మారిన బ్రాహ్మణుడే. అట్టివారి ఆస్తిహక్కును కాపాడిన 21వ చట్టము 1850లో గాని రాలేదు. దాని ప్రతిపాదనను కలకత్తా, చెన్నపట్టణముల హిందువులు తీవ్రముగా ప్రతిఘటించిరి. చెన్నపురిలో, ‘క్రెసెంటు’ పత్రికను నడపిన గాజుల లక్ష్మీనరసు శెట్టి ఆ పోరాటమున ముందు నిలిచెను. పితృకర్మలు చేయనివానికి పిత్రార్జితమెట్లు దక్కునని ఆనాటి హిందువుల ఆక్షేపణ. అది ఆస్తికి మాత్రమే సంబంధించిన మాట కాదు; ధర్మశాస్త్రమున దాయమును పిండమును ముడివడియున్నవి. చట్టము ఆ ముడిని త్రెంచెను.