జబ్బు ఖరీదు, గృహిణి ఖరీదు

డొరొతీ రైస్ మన వ్యాసాల్లో తరచుగా వినిపించే పేరు కాదు. ఆమె రచయిత్రి కాదు, ఉద్యమకారిణీ కాదు. అమెరికా ప్రభుత్వంలో కూచుని లెక్కలు వేసిన ఉద్యోగిని. ఒక దేశంలో ఒక ఏడాదిలో జబ్బుల వల్ల జరిగే నష్టం మొత్తం ఎంతో డబ్బు రూపంలో చెప్పే పద్ధతిని 1966లో ఒక ప్రభుత్వ నివేదికలో ఒక కొలిక్కి తెచ్చింది. పొగాకు మీద పన్ను వెయ్యాలన్నా, మానసిక వైద్యానికి నిధులు అడగాలన్నా ఇవాళ్టికీ చాలామంది ఆ పద్ధతిలోనే లెక్కలు కడతారు. ఆ లెక్కలో ఓ మూల గృహిణి కనిపిస్తుంది. సాహిత్యంలో పరిశోధన చేసిన నాకు ఆరోగ్య అర్థశాస్త్రంతో పనిపడింది ఆమె కోసమే.

రైస్ 1922లో బ్రూక్లిన్‌లో పుట్టింది. అసలు ఇంటిపేరు పెక్‌మన్. పన్నుల మీద పని చేసిన పేరున్న ఆర్థికవేత్త జోసెఫ్ పెక్‌మన్ ఆమె అన్న. 1941లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో బి.ఏ. పూర్తిచేసి, యుద్ధకాలంలో వాషింగ్టన్‌లో ప్రభుత్వోద్యోగంలో చేరింది. 1943లో పెళ్లి. తర్వాత ముగ్గురు కొడుకులు. పిల్లల్ని పెంచడానికి ఉద్యోగం మానేసి దాదాపు పదేళ్లు ఇంట్లో ఉంది. 1960లో మళ్లీ ఉద్యోగానికి వచ్చింది. పిహెచ్.డి. లేదు, ఎప్పటికీ చెయ్యలేదు కూడా. అయినా 1976 నుంచి 1982 దాకా అమెరికా జాతీయ ఆరోగ్య గణాంక కేంద్రానికి డైరెక్టరుగా ఉంది, ఆ తర్వాత కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంగణంలో ప్రొఫెసరైంది. (మన దగ్గర అంత విరామం తీసుకున్న స్త్రీ దరఖాస్తుని ఏ ఇంటర్వ్యూ బోర్డు ముందు పెట్టినా మొదటి ప్రశ్న ఏమిటో మనందరికీ తెలుసు.)

తిరిగి ఉద్యోగంలోకి వచ్చాక చేసిన మొదటి పెద్ద పని వృద్ధుల గురించి. 1963లో సోషల్ సెక్యూరిటీ విభాగం జరిపిన సర్వేలో వృద్ధుల్లో దాదాపు సగంమందికి ఆరోగ్యబీమా లేదని తేలింది. 1965లో వచ్చిన మెడికేర్ చట్టం వెనక ఈ అంకెలున్నాయి. ఆ చట్టం ఆసుపత్రి ఖర్చు భరించింది కానీ, ఇంటి దగ్గర రోజూ వేసుకునే మందుబిళ్లల ఖర్చు భరించలేదు. దానికి 2003లో ఇంకో చట్టం కావలసివచ్చింది, 2006లో గాని అమల్లోకి రాలేదు. నలభై ఏళ్లపాటు బీపీ మాత్రల ఖర్చు ముసలివాళ్లదే. ఆ ముసలివాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ, వాళ్ల పెన్షన్లూ తక్కువే.

1966 నివేదిక సంగతికొస్తాను. జబ్బు ఖర్చుని రైస్ రెండుగా విడదీసింది. డాక్టరు, ఆసుపత్రి, మందులు – ఇది ప్రత్యక్ష వ్యయం. జబ్బు వల్లో చావు వల్లో మనిషి చెయ్యలేకపోయిన పని – ఇది పరోక్ష వ్యయం. విభజన ఆమె కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. అంతకుముందే సెల్మా మష్కిన్ అనే మరో ఆర్థికవేత్త, ఆమే స్త్రీయే, ఆరోగ్యాన్ని పెట్టుబడిగా చూడాలని 1962లో రాసింది. రైస్ చేసిందల్లా దాన్ని జబ్బు జబ్బుకీ, వయసు వయసుకీ వర్తింపజేసి, ఎవరైనా మళ్లీ చేసి చూసుకునే లెక్కగా మార్చడం.

చెయ్యలేకపోయిన పనికి విలువ ఎలా కట్టాలి? ఆ మనిషి సంపాదించి ఉండగల జీతాన్ని బట్టి. ఈ పద్ధతికి మానవ మూలధనమని పేరు. మరి జీతం లేని మనిషి? ఇక్కడ రైస్‌కి రెండు దారులున్నాయి. గృహిణి సంపాదించదు కాబట్టి ఆమె మంచాన పడితే దేశానికి నష్టం సున్నా అని రాసి ముందుకు పోవచ్చు. జాతీయాదాయం లెక్కలు అప్పటికీ ఇప్పటికీ చేస్తున్నది అదే. రైస్ ఆ పని చెయ్యలేదు. గృహిణి చేసే పనికీ విలువ ఉంది, ఆమె జబ్బుపడితే ఆ విలువ పోతుంది అని లెక్కలో చేర్చింది. ఎంత విలువ? ఇంటి పనిమనిషి సగటు జీతమంత.

ఈ వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. మొదట కోపం వచ్చింది. గృహిణి పనిమనిషితో సమానమా అని కాదు – ఆ కోపంలో పనిమనిషి పట్ల మనకున్న చిన్నచూపే బయటపడుతుంది. కోపం ఎందుకంటే, పనిమనిషికి అంత తక్కువ జీతం ఉండటానికి కారణమే ఆ పనిని ఇంట్లో ఆడవాళ్లు ఊరికే చేస్తారని అందరూ అనుకోవడం. ఊరికే జరిగే పనికి మార్కెట్ ఇచ్చే ధరని తెచ్చి, ఊరికే జరిగే పని విలువ ఇదీ అనడం గుండ్రంగా తిరిగి మళ్లీ అక్కడికే రావడం. అయితే నివేదిక రాసినావిడకి ఇది తెలుసు. ఈ అంచనా తక్కువేననీ, గృహిణి పనివారం మామూలు పనివారం కంటే పెద్దదనీ, ఇంట్లో ఎంతమంది ఉన్నారన్నది ఇందులో లెక్కకి రాలేదనీ ఆమే ఒప్పుకుంది. పదేళ్లు ఇంట్లో పనిచేసి వచ్చిన మనిషి అది రాసిందని తెలిశాక ఆ మాటల్ని ఇంకోరకంగా చదువుకున్నాను.

పి. సత్యవతి గారి ‘ఇల్లలకగానే’ కథలో ఇల్లు అలికీ అలికీ గృహిణి తన పేరు మర్చిపోతుంది. గణాంకాల్లో ఆమెకి పేరుతో పాటు అంకె కూడా లేదు. రైస్ అంకె ఇచ్చింది, చాలా చౌక అంకె.

మరుసటి ఏడాది, 1967లో, బార్బరా కూపర్‌తో కలిసి రైస్ మనిషి ప్రాణానికి ఆర్థిక విలువ గురించి ఇంకో వ్యాసం ప్రచురించింది. వయసు, స్త్రీపురుష భేదం, ఒంటిరంగు, చదువు – వీటిని బట్టి జీవితకాల సంపాదన విలువల పట్టికలు అందులో ఉన్నాయి. ఆడవాళ్ల గడిలో అంకె మగవాళ్ల కంటే తక్కువ. నల్లవాళ్ల గడిలో తెల్లవాళ్ల కంటే తక్కువ. ముసలివాళ్ల గడి దాదాపు ఖాళీ. పట్టిక అబద్ధం చెప్పలేదు, ఆ దేశం ఎవరికి ఎంత జీతం ఇస్తోందో ఉన్నదున్నట్టు చూపించింది. చిక్కల్లా ఆ అంకెల్ని తీసుకెళ్లి ఏ జబ్బు మీద ఎంత ఖర్చు పెట్టాలో తేల్చడానికి వాడినప్పుడు వస్తుంది. పడుచు మగవాళ్లకొచ్చే జబ్బు ఖరీదుగానూ, ముసలి ఆడవాళ్ల కీళ్ల నొప్పులు చవగ్గానూ కనిపిస్తాయి. ఎయిడ్స్ ఉదాహరణ చూడండి. 1987లో రైస్, చికిత్సల ఖర్చులు ఏళ్లతరబడి లెక్కగట్టిన యాన్ సిటోవ్‌స్కీ కలిసి వేసిన అంచనాలో 1985లో వైద్యానికైన ఖర్చు 63 కోట్ల డాలర్లైతే, పరోక్ష నష్టం 390 కోట్లు. అప్పటికి అక్కడ చనిపోతున్నవాళ్లలో ఎక్కువమంది సంపాదించే వయసు మగవాళ్లు కాబట్టి.

ఈ చిక్కు అమెరికాలోనే ఉండిపోలేదు. మన మోటారు వాహనాల చట్టంలో 1994లో చేర్చిన రెండో షెడ్యూలు, ప్రమాదంలో చనిపోయిన, సంపాదన లేని భార్య ఆదాయాన్ని భర్త ఆదాయంలో మూడోవంతుగా లెక్కపెట్టమంది. కలెక్టరు భార్య, కూలీ భార్య ఒకే అన్నం వండినా, ఆ వంట విలువ భర్త జీతాన్ని బట్టి మారేది. రైస్ కనీసం భర్తవైపు చూడలేదు, పనివైపు చూసింది. 2021 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు ఒకదానిలో, మన కృష్ణా జిల్లాకు చెందిన జస్టిస్ ఎన్.వి. రమణ విడిగా అభిప్రాయం రాస్తూ 2019 కాలవినియోగ సర్వేని ప్రస్తావించారు: ఇంటిపనికి స్త్రీలు రోజుకి సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు. గంటల్ని లెక్కబెట్టే ఈ దారి అమెరికాలో 1960ల చివర్లోనే కార్నెల్ విశ్వవిద్యాలయంలో కేథరిన్ వాకర్ సర్వేలతో మొదలైంది. దాని వెలుగులో 1970ల నుంచి జబ్బుల లెక్కల్లో గృహిణి ధర మారుతూ వచ్చింది. వంటకి వంటవాళ్ల జీతం, పిల్లల పనికి ఆయా జీతం, ఇలా పని పనికీ విడివిడిగా వెలకట్టడం మొదలైంది.

శాన్‌ఫ్రాన్సిస్కోలో రైస్ చేసిన పనుల్లో ఎక్కువ పేరొచ్చింది పొగాకు మీద, మత్తుపదార్థాల మీద. 1984లో పొగతాగడం వల్ల దేశానికైన నష్టం 5,370 కోట్ల డాలర్లని ఆమె బృందం తేల్చింది. పేదల వైద్యానికి ప్రభుత్వాలు పెట్టే ఖర్చులో పొగాకు వాటా ఎంతో రాష్ట్రాల వారీగా అంచనా వేసిన బృందంలోనూ ఆమె ఉంది. 1990లో వచ్చిన నివేదికలో, 1985 సంవత్సరానికి మానసిక అనారోగ్యం నష్టం 10,370 కోట్లు, మద్యం నష్టం 7,030 కోట్లు, మాదకద్రవ్యాల నష్టం 4,410 కోట్లు. ఈ చివరి అంకెని విప్పి చూస్తే చికిత్సకి పోయిన డబ్బు చాలా చిన్నభాగం. నేరాలు, పోలీసులు, జైళ్లు – పెద్ద ముద్ద అక్కడుంది. మొత్తం అంకెని మాత్రమే పట్టుకుంటే అది శిక్షలు పెంచమనేవాళ్లకీ పనికొస్తుంది, లోపలి పద్దులు చదివితే చికిత్స పెంచమనేవాళ్లకీ పనికొస్తుంది.

నాకు ఎక్కువ ఇష్టమైన అధ్యయనం మాత్రం అంతగా పేరు రానిది. 1993లో ఉత్తర కాలిఫోర్నియాలో అల్జీమర్స్ రోగుల గురించి చేసింది. నర్సింగ్ హోంలో ఉన్న రోగికీ, ఇంట్లో ఉన్న రోగికీ ఏడాదికయ్యే ఖర్చు దాదాపు ఒకటే అని తేలింది: 47,000 డాలర్లు. ఇల్లు చౌక అనే నమ్మకం మీదే ప్రభుత్వాలు రోగుల్ని ఇంటికి పంపుతాయి. కానీ ఇంట్లో ఉన్న రోగి విషయంలో ఆ ఖర్చులో నాలుగింట మూడు వంతులకి దగ్గరగా ఎవరూ ఎవరికీ చెల్లించని శ్రమే. తినిపించడం, కడగడం, రాత్రిళ్లు తలుపు దగ్గర కాపలా కాయడం. పనిమనిషి జీతం దగ్గర మొదలైన ఆ పద్దు ఇరవై ఏడేళ్లకి ఇక్కడికి చేరింది. అప్పటికి రైస్‌కి డెబ్భై ఒక్కేళ్లు.