కార్చిచ్చు సీమలో వార్త

ఆస్ట్రేలియా ఖండపు ఆగ్నేయ మూలనున్న విక్టోరియా రాష్ట్రములో, మెల్‌బోర్న్ నగరమును విడిచి ఈశాన్యదిశగా కింగ్‌లేక్ కొండలకు పోవు బాటప్రక్కన, అర్ధచంద్రాకారమున రంగురంగుల భాగములతో తీర్చిన పెద్ద పలక యొకటి నిలిచియుండును. దాని ముల్లు ఆనాటి అగ్నిభయ మెంతటిదో చూపును. మనకు మార్గశిర పుష్యములు నడచునప్పుడు ఆ దేశమున వేసవి. ఆ దినములలో పాలకై అంగడికి పోవువాడును, పనికి పోవునామెయు ఆ ముల్లువంక ఒకసారి చూడక ముందుకు సాగరు. 1939 జనవరి 13వ తేదీనాటి వాతావరణమును నూరుగా నిలిపి మెకార్థర్ అను శాస్త్రజ్ఞుడు కట్టిన లెక్క చిరకాలము ఆ పలక కాధారమైయుండెను. అనగా ఆ సీమవారికి భయమును కొలుచు కొలబద్దయే ఒక దుర్దినమన్నమాట.

ఖాండవదహనమును పురాణముగా విని, గోవులను గాచుటకై బాలకృష్ణుడు దావాగ్నిని మ్రింగిన కథకు చేతులు జోడించిన మనకు కార్చిచ్చు కావ్యవస్తువు, వారికది ఇరుగుపొరుగు. అచ్చటి యూకలిప్టస్ చెట్ల ఆకులలో తైలముండును. పొడుగాటి బెరడుపేలికలు నిప్పంటుకొని గాలిలో లేచి క్రోసులకొలది దూరముపోయి పడి క్రొత్త మంటలు రేపును. ఇంతకంటె గడ్డుది గాలి తిరుగుడు. ఎడారినుండి వీచు ఉత్తరపు వడగాలి పగలంతయు మంటను సన్నని పాయగా దక్షిణమునకు తోలుకొనిపోవును. ప్రొద్దు వాలువేళకు నైరృతినుండి చల్లగాలి వచ్చును. మన యూళ్లలో గాలి తిరిగినదన్న ప్రాణము లేచివచ్చును గదా! అచ్చట అదియే గండము. అంతవరకు ప్రక్కగానున్న మంటయొక్క పొడవెల్ల ఒక్క పెట్టున ముఖమై, పదుల మైళ్ల వెడల్పున క్రొత్త యూళ్లమీద పడును. కనుక ఏ వాగు దాటినది, ఏ గుట్ట నెక్కినది, గాలి ఏ గడియకు తిరుగును అను సమాచారము ఆ సీమలో నీటివలెనే ప్రాణావసరమైనది. ఆ వార్త ఎవరి నోట, ఏ సాధనమున, ఎంత త్వరగా గడపకు చేరినది అనునదే నాకు ఆ ప్రాంతపు చరిత్రలోని ముఖ్యాంశముగా తోచుచున్నది.

తెల్లవారు రాకమునుపు అచ్చటి ఆదివాసులు చల్లని ఋతువులలో చిన్నచిన్న మంటలు పెట్టి ఎండుగడ్డిని తగ్గించుచు, అడవిని చదివి తెలిసికొనుచుండిరి. వలసవచ్చినవారి కా చదువు రాలేదు. 1851 ఫిబ్రవరి 6వ తేదీన, తరువాత నల్ల గురువారమని పేరుపడిన దినమున, విక్టోరియాలో రమారమి నాలుగవ వంతు భూమి కాలిపోయెను. పదిలక్షల గొఱ్ఱెలు మడిసెనని లెక్క. నాటికి తంతి లేదు. గుఱ్ఱముమీద వచ్చినవాడు చెప్పినదే వార్త. పత్రికలో పడునప్పటికి అది చల్లారిన బూడిద. విలియం స్ట్రట్ అను చిత్రకారుడు ఆనాటి పలాయనమును పెద్ద పటముగా వ్రాసి ముగించునప్పటికి 1864 వచ్చెను.

1939 నాటికి ఆ కొండలలో కలప కోతమిల్లులు వెలసి, కూలీలు భార్యాబిడ్డలతో నట్టడవిలోనే కాపురముండిరి. వెనుకటి డిసెంబరునుండియే అచ్చటచ్చట మంటలు రగులుచుండగా, జనులు పొగకు అలవాటుపడి, నేడు కాకున్న రేపు వాన రాకపోవునా యని పనులు చేసికొనుచుండిరి. జనవరి 13, శుక్రవారమునాడు మెల్‌బోర్న్‌లో ఎండ 45.6 డిగ్రీల కెక్కెను, మంటలన్నియు ఏకమయ్యెను. 71 మంది మరణించిరి. 69 కోతమిల్లులు భస్మమయ్యెను. నాటి కొండయూరిలో వార్తకు కేంద్రము తపాలా కచేరి. అందలి చిన్న టెలిఫోను ఎక్స్ఛేంజిలో కూర్చున్న మనిషికి ఏ తీగ ఎవరి యింటిదో, ఆ యింట నడవలేని ముసలివారెవరో తెలియును. అయితే స్తంభములు కాలి కూలినంతనే ఆ జ్ఞానమంతయు మూగబోయెడిది. మాట్‌లాక్ సమీపమున ఫిట్జ్‌పాట్రిక్ కోతమిల్లువద్ద నేలమాళిగ త్రవ్వలేదు. 15 మంది చనిపోయిరి. తడిసిన కంబళి కప్పుకొని చెట్లు కొట్టిన బయలులో ఒదిగియుండిన జార్జి సెల్లర్స్ ఒక్కడు మాత్రము బ్రదికెను. ఒక్క కంబళి, కొన్ని చెంబుల నీరు! నేటికిని ఆ సీమలోని ఇండ్లలో వేసవికి ముందు ఉన్ని కంబళ్లు దులిపి చేతికందుచోట పెట్టుకొందురు. చూరునీరు పోవు రేకుకాలువలలోని ఎండుటాకులు తీసివేసి, తూము నోటికి టెన్నిస్ బంతి బిరడాగా క్రుక్కి, కాలువనిండ నీరు నింపుదురు.

ఆ విపత్తుపై విచారించిన న్యాయమూర్తి లియొనార్డ్ స్ట్రెటన్ ఊరూర విచారణ జరిపి, కోతమిల్లు కూలీల మాటయు అటవీ అధికారుల మాటయు సమముగా విని, ఆ మంటలు మానవహస్తమువలన పుట్టినవేయని నిర్భయముగా తీర్పు చెప్పెను. ప్రభుత్వ నివేదికలలో అంతటి హృదయమున్న రచన అరుదు. గ్రామీణ అగ్నిమాపక సంస్థ 1945లో పని ప్రారంభించుటకు మూలమదియే.

పిమ్మట రేడియో యుగము వచ్చెను. 1932లో స్థాపితమైన ప్రభుత్వ ప్రసార సంస్థ ఏ.బి.సి. అంతకుముందే ఇండ్లలో వినబడుచుండినను, ట్రాన్సిస్టరు వచ్చిన పిదపగాని వార్త మనిషి వెంట నడువలేదు. విద్యుత్తు పోయిన యింట నీటిపంపు ఆగును, టెలివిజను ఆరును. బ్యాటరీ రేడియో ఒక్కటి మాట్లాడును. 1983 ఫిబ్రవరి 16వ తేదీన విక్టోరియాలోను దక్షిణ ఆస్ట్రేలియాలోను కలిపి 75 మంది అగ్నికి ఆహుతియైనప్పుడు, కారు రేడియోకు చెవియొగ్గి పొగలో దారి వెదకినవారు అనేకులు. ఊరిపత్రికలు వేరొక పని చేసెను. వారండైట్‌లో 1970లో, చలనచిత్ర రచయిత క్లిఫ్ గ్రీన్ సంపాదకత్వమున, ఊరివారే కలిసి ప్రారంభించిన డైరీ అను పత్రికయు, కింగ్‌లేక్ వారి మౌంటెన్ మంత్లీ యు అట్టివి. మంటలు లేని నెలలలో మనిషిని మనిషికి పరిచయము చేయుటయే వాని సేవ. పొరుగువాని పేరు తెలియనివాడు వాని తలుపెట్లు తట్టును?

2009 ఫిబ్రవరి 7వ తేదీ ఈ యేర్పాటులనెల్ల పరీక్షించెను. రేపటి దినము రాష్ట్రచరిత్రలోనే అతి ఘోరమైనది కావచ్చునని ముఖ్యమంత్రి జాన్ బ్రంబి ముందునాడే చెప్పెను. పత్రికలు, రేడియోలు చాటెను. హెచ్చరిక లేకపోలేదు, అది రాష్ట్రమున కంతకును ఒక్కటే. మెల్‌బోర్న్‌లో 46.4 డిగ్రీల ఎండలో, మధ్యాహ్నము కాకమునుపే కిల్మోర్ ఈస్ట్‌వద్ద తెగిన విద్యుత్తు తీగ రేపిన మంట సాయంకాలమునకు కింగ్‌లేక్ కొండ నెక్కెను. ఆ ఊరి పేరు అధికారుల హెచ్చరికలలో వినవచ్చునప్పటికి కాలము మించెను. నగరపు రేడియోకు ఫోను చేసిన సామాన్యుల గొంతుకలే పలుచోట్ల అధికారులకంటె ముందు మంట జాడ చెప్పెను. ఆనాడు రాష్ట్రమున 173 మంది మరణించిరి. వారిలో 119 మంది ఆ ఒక్క మంటలోనే.

మృతులలో బ్రయన్ నేలర్ ఒకడు. 1978 నుండి 1998 వరకు మెల్‌బోర్న్ ప్రజలకు ప్రతిసాయంకాలము ఛానల్ నైన్‌లో వార్తలు చదివి, మీ వార్త శుభవార్త యగుగాకయని సెలవు తీసికొనుచుండినవాడు. ఆయనయు ఆయన సహధర్మచారిణియు కింగ్‌లేక్ వెస్ట్‌లోని తమ యింటనే కన్నుమూసిరి. లక్షలమందికి వార్త చెప్పినవాడు సైతము అగ్నిముఖమున దిక్కులేని ఒక గృహస్థుడే యగుట తలచుకొన్నప్పుడెల్ల నా మనస్సు కలగుచుండును.

బెర్నార్డ్ టీగ్ అధ్యక్షతన సాగిన విచారణ సంఘము 2010 జూలైలో తుది నివేదిక నొసగెను. హెచ్చరికలు ఆలస్యమైనవని, చాలకపోయినవని అది నిర్ణయించెను. అంతకుముందే, 2009 చివరకు, ఆపద సమీపించిన ప్రాంతపు టెలిఫోనులన్నిటికి ఒకేసారి సందేశము పంపు పద్ధతి వచ్చెను. తరువాత చేతిఫోనులలో పటముతోకూడిన యాప్ వచ్చెను. ఇవి మేలే చేసినవి. వానిని తక్కువ చేయను. అయినను, మంటలు చల్లారిన పిదప అలెగ్జాండ్రా పట్టణపు యు.జి.ఎఫ్.ఎమ్. అను చిన్న సామాజిక రేడియోలో స్వచ్ఛందసేవకులు రాత్రింబగళ్లు కూర్చుండి ఊరివారి అవసరములు ఊరివారికే చాటిన పని ఏ యంత్రము చేయగలదు? 2019 డిసెంబరు 31వ తేదీన మల్లకూట అను ఊరివద్ద కార్చిచ్చు పొగకు ఉదయమే ఆకాశము నల్లబడి, రమారమి నాలుగువేలమంది నీటియొడ్డున చేరినప్పుడును, ఆ యూరి చిన్న రేడియోయే తెలిసిన గొంతుకతో మాట్లాడెను.

అట్టి గొంతుకలు తగ్గుచున్నవి. 2020లో న్యూస్ కార్ప్ సంస్థ దేశమునందు నూరుకు పైబడిన ప్రాంతీయ పత్రికల ముద్రణ నిలిపివేసెను. వానిలో కొన్ని పూర్తిగా మూతపడెను. మెల్‌బోర్న్ శివారుల గడపలకు వారమువారము వచ్చుచుండిన లీడర్ పత్రికలును ఆ వరుసలోనివే. ఫోనులోని పటము మంట ఎచ్చటనున్నదో చూపును గాని, మూడవ యింటి అవ్వకు కారు లేదని చెప్పదు. ఊరిపత్రిక చచ్చిన కార్చిచ్చు సీమను నేను కావలి లేని చేనుగానే యెంచెదను.

మెల్‌బోర్న్ శివారులైన టార్నీట్, క్రెయిగీబర్న్ మున్నగు తావుల మన తెలుగు కుటుంబములు ఎన్నియో క్రొత్తగా ఇండ్లు కట్టుకొన్నవి. అచ్చట అడవి లేదుగదా యని నిశ్చింతగా నుండవలదు. ఎండిన గడ్డిబీళ్లు అడవికంటె వేగముగా మండును. ఫోను చేతిలోనున్నను, టవరునకు విద్యుత్తు పోయిననాడు అది పలుకదు. కావున బ్యాటరీతో నడచు చిన్న రేడియో నొకటి కొని, దాని ముల్లును ఏ.బి.సి. మెల్‌బోర్న్ వారి 774 మీద నిలిపి, అది ఎచ్చటనున్నదో ఇంటిలోని పిల్లలకు సైతము తెలియునట్లు తలుపుదగ్గర ఉంచుకొనుడు.