రాగినదికి దారి చూపినవారు

ఉత్తర అమెరికాఖండమున, హడ్సను అఖాతమునకు పడమట, చెట్లు క్రమముగా పొట్టివై, తుదకు చెట్టే లేక, ఱాయియు నాచును నీరును మాత్రమే మిగులు భూమి కలదు. సంవత్సరములో అధికభాగము అచటి సరస్సులు గడ్డకట్టి యుండును. తెల్లవారు దానిని నిర్జనారణ్యమనిరి. అచట వేటాడి బ్రదుకు డెనె జాతివారికి మాత్రము అది ఇల్లు. ఈ భేదము తెలియుటకు శామ్యూల్ హెర్ను అను ఆంగ్లేయునకు మూడు ప్రయాణములు పట్టెను.

హెర్ను 1745లో లండనులో పుట్టి, బాల్యముననే నౌకాసైన్యమందు చేరి, పిమ్మట హడ్సన్స్ బే కంపెనీ కొలువునకు వచ్చెను. చర్చిల్ నదీముఖమున ఆ కంపెనీకి ఒక కోట యుండెను. అచటికి ఉన్నితోళ్లు తెచ్చు డెనెలు అప్పుడప్పుడు రాగిముక్కలు చూపి, వాయవ్యమున ఒక పెద్దనది కలదనియు, దాని చెంత రాగి దొరకుననియు చెప్పుచుండిరి. కోట అధికారియగు నార్టను ఆ నదిని వెదకుటకు హెర్నును పంపెను.

మొదటిమారు 1769 నవంబరు 6న బయలుదేఱెను. దారి చూపవలసినవాడు నడుమ విడిచిపోయెను. హెర్ను డిసెంబరు 11కే కోట చేరెను. రెండవమారు 1770 ఫిబ్రవరిలో పోయి మాసములతరబడి తిరిగెను. ఆగస్టులో ఒకనాడు, సూర్యుని ఎత్తు కొలుచు యంత్రమును నిలిపి భోజనమునకు కూర్చుండగా, గాలి దానిని పడద్రోసి పగులగొట్టెను. మఱునాడే ఎవరో అపరిచితులు వచ్చి సామగ్రి దోచిరి. చలి ముంచుకొని వచ్చుచుండెను. వెచ్చని వస్త్రము లేదు, గుడారము లేదు, మంచుపై నడచుటకు తోలుత్రాళ్లు అల్లిన పాదరక్షలును లేవు.

ఆ దశలో మటోనబ్బీ ఎదురయ్యెను. ఇతడు డెనె నాయకుడు. కోటలోనే పుట్టి, కొంతకాలము అచటనే పెరిగి, పలుభాషలు నేర్చినవాడు. రాగినదిని ముందే చూచినవాడు. హెర్నునకు నీటికుక్కతోలు ఉడుపులిచ్చి, వెనుకటి ఓటములకు కారణము చెప్పెను. దారి చూపినవారు తగినవారు కారు. అంతకంటె ముఖ్యముగా, వెంట స్త్రీలు లేరు. బరువులు లాగుట, గుడారము వేయుట, తోలు కుట్టుట, మాంసమెండబెట్టుట స్త్రీల పని. వారు లేక మగవాడు వేటాడునా, మోయునా? మాట నిజమే, కాని కఠినము. ఆహారము చాలనిదినములలో మగవారు తినగా మిగిలిననే ఆ స్త్రీలకు దక్కునని హెర్నే వ్రాసినాడు.

1770 డిసెంబరు 7న మూడవ ప్రయాణము మొదలయ్యెను. మటోనబ్బీ తిన్నని దారిని పోలేదు. కారిబూ అను దుప్పిజాతి మృగముల మందలు ఎటుండునో అటు నడిచెను. కడుపు నిండినప్పుడు పండుగ, లేనప్పుడు ఉపవాసము. ముందు చెట్లుండవని యెఱిగి, వసంతమున భూర్జపు పట్టయు కఱ్ఱయు కూర్చి, నదులు దాటుటకు చిన్నపడవలు కట్టించెను. ఆ వేసవిని గుడారపు కఱ్ఱలైనవే మఱుసటి శీతకాలమున మంచుపాదరక్షల చట్రములగును. ఏ పుస్తకమును నేర్పని విద్య యిది.

దారి చూపినవానిని మెచ్చుకొనువారు అతని దోషమును దాచరాదు. మార్గమధ్యమున పలువురు యోధులు కలిసిరి; వారికి ఇన్యూటులతో పాతపగ. హెర్ను వలదన్నచో పిఱికివాడని ఎగతాళి చేసిరి. 1771 జూలై 17న తెల్లవాఱకమునుపే, జలపాతముచెంత నిద్రించుచున్న ఇన్యూటుల గుడారములపై పడి, స్త్రీలను పిల్లలను విడువక, ఇరువదిమందికి పైగా చంపిరి. ఈటెపోటు తిన్న ఒక కన్య హెర్ను కాళ్లను చుట్టుకొని ప్రాణము విడిచెను. ఆ దినమును తలచిన కన్నీరు ఆగదని ఆతడు వ్రాసెను.

పిమ్మట సముద్రము కనబడెను. నేడు కుగ్లుక్‌టుక్ అను ఇన్యూటు గ్రామమున్న చోటది. ఆ ఖండమందు భూమార్గమున ఉత్తరసముద్రము చేరిన మొదటి ఐరోపావాడు హెర్నే. నదియో లోతులేనిది, ఓడలకు పనికిరాదు. రాగి యెంతయని వెదకగా, చెప్పుకొనదగినది సుమారు నాలుగు పౌనుల ముద్ద యొకటి దొరకెను! కంపెనీవారి ఆశ అంతటితో తీఱెను.

తిరుగుదారిలో 1772 జనవరిలో, మంచుపై అడుగుజాడ పట్టుకొనిపోగా, చిన్నగుడిసెలో ఒంటరి స్త్రీ కనబడెను. శత్రువులు చెఱపట్టి బిడ్డను చంపగా తప్పించుకొని వచ్చి, ఏడునెలలుగా మనుష్యముఖము చూడక బ్రదికెను. ఉచ్చులు పన్ని పక్షులను కుందేళ్లను పట్టెను; ఱాళ్లు కొట్టి నిప్పు చేసెను; ఇనుపపట్టీముక్కను కత్తిగా మలచుకొనెను; చెట్టునారతో వలకు దారము పేనెను. ఆమె కుట్టుకొన్న ఉడుపుల అందమునకు హెర్ను ఆశ్చర్యపడెను. దండున్న దొరలు చావగా, దిక్కులేని యీమె నిలిచినది. ఇది అతిశయోక్తి కాదు. 1821లో అదే నదికి వచ్చిన ఫ్రాంక్లిను బృందమున, తిరుగుదారిలో ఆకలిబాధ మొదలుగా 20 మందిలో 11 మంది నశించిరి; మిగిలినవారికి ప్రాణము పోసినవారు ఆ ప్రాంతపు వేటగాండ్రే.

హెర్ను 1772 జూన్ 30న కోట చేరెను. నదీముఖమును పటమున ఉండవలసిన చోటికంటె 200 మైళ్లకు పైగా ఉత్తరమున గుర్తించెను. మటోనబ్బీ మాత్రము పటము లేకయే అందఱిని గమ్యము చేర్చెను. హెర్ను గ్రంథము, ఆతడు గతించిన పిమ్మట, 1795లో అచ్చయ్యెను.

1782లో ఫ్రెంచి సేనాని లా పెరూజ్ ఆ కోటను పట్టుకొనెను. తన వర్తకమిత్రులు నాశమైరని విని మటోనబ్బీ ఉరివేసికొనెను. ఆ శీతకాలమున అతని భార్యలాఱుగురును, నలుగురు బిడ్డలును ఆకలితో మరణించిరి.