యంత్రంలోని పగ్గం
ఫైలు చూడకుండా సంతకం పెడితే ‘యాంత్రికంగా పెట్టాడు’ అని రాయడం పత్రికలకు అలవాటు. కంట్రోల్ ఇంజినీరింగ్‌లో ఎంటెక్ విద్యార్థి చదివేది మాత్రం దీనికి పూర్తిగా తలకిందులు: అక్కడ యంత్రమంటే చూసుకుని సర్దుకునేది. మాట పుట్టుకా ఆ వైపే ఉంది. సంస్కృతంలో ‘యమ్’ ధాతువుకు అర్థం పట్టి ఉంచడం, అదుపు చేయడం. అందుకు సాధనం యంత్రం. సుశ్రుతుడు కోసే పనిముట్లను శస్త్రాలనీ, పట్టుకుని లాగేవాటిని యంత్రాలనీ విడదీసి, 101 యంత్రాల్లో చెయ్యే ముఖ్యమన్నాడు. రాగిరేకు మీద గీసే యంత్రంలోనూ కట్టడి భావమే ఉంది. జంత్రం దాని వికృతి. నియమం, సంయమనం, నియంత్రణ తోబుట్టువులు. అమరకోశంలో యంత, నియంత ఇద్దరూ రథసారథులే. ఆ నియంత మన వార్తల్లో హిట్లర్ అయ్యాడు, పాపం. చిత్రమేమిటంటే, 1948లో గణిత శాస్త్రవేత్త నోర్బర్ట్ వీనర్ నియంత్రణ గురించి రాసిన తన ‘సైబర్నెటిక్స్’ పుస్తకానికి పేరు తెచ్చుకున్నదీ చుక్కాని పట్టేవాడిని చెప్పే గ్రీకు మాట నుంచే. అర్థాన్ని తేల్చేది వాడుక గాని ధాతువు కాదనవచ్చు. ఒప్పుకోవాల్సిందే. అయితే యంత్రాలే ఎదురు సాక్ష్యం చెబుతున్నాయి: 1788లో జేమ్స్ వాట్ ఆవిరి యంత్రానికి అమర్చిన గవర్నర్ అనే వేగ నియంత్రణ పరికరంలో వేగం పెరిగితే గుండ్లు ఎడంగా లేచి ఆవిరిని తగ్గించేవి. తొలి మరమగ్గాలు ఒకే కదలికను తిప్పితిప్పి చేశాయి కాబట్టి ‘యాంత్రికం’ అన్న నింద పుట్టిందనుకున్నా, అది 1969లో జపాన్ యాస్కావా కంపెనీ ఇంజినీరు టెట్సురో మోరి యంత్రాలకు ఎలక్ట్రానిక్స్‌ను జోడించే ‘మెకట్రానిక్స్’ అన్న మాట పుట్టించాక వచ్చిన యంత్రాలకు నప్పదు. కార్ల ఫ్యాక్టరీలో రోబో చెయ్యి తానెక్కడుందో ఎన్‌కోడర్‌తో కొలుచుకుంటూ, ఉండాల్సిన చోటుతో పోల్చి, తేడాను బట్టి మోటారును సర్దుకుంటుంది. చూడకుండా పెట్టిన సంతకానికి ‘మొక్కుబడి’ అన్న మాట మనకు ఉండనే ఉంది.