రెటీనా గోడకు కన్నం వేసేదెవరు?

షుగరు ముదిరి చూపు మసకబారినవారికి రెటీనా డాక్టర్లు చేయించే పరీక్షల్లో యాంజియోగ్రామ్ ఒకటి. మోచేతి నరంలోకి ఫ్లోరెసీన్ అనే రంగు ఎక్కిస్తారు. పది పదిహేను సెకన్లలో అది కంటికి చేరుతుంది. నీలి వెలుగు పడగానే రెటీనా మీది రక్తనాళాలు ఆకుపచ్చగా మెరుస్తాయి. నాళం గట్టిదైతే రంగు గీత దాటదు. దెబ్బతిన్నదైతే బయటికి పాకి మచ్చ కడుతుంది. మర్నాటి దాకా మూత్రం పసుప్పచ్చగా పోతుంది, కంగారు పడొద్దని ముందే చెప్పి పంపుతారు.

రెటీనాకూ రక్తానికీ మధ్య గోడ ఉందని తెలిసింది కూడా రంగుల పుణ్యమే. 1885లో జర్మనీలో పాల్ ఎర్లిక్ జంతువుల రక్తంలోకి రంగు ఎక్కించి చూస్తే ఒళ్లంతా రంగు పట్టింది, మెదడు మాత్రం తెల్లగానే ఉండిపోయింది. మెదడుకు రంగు అంటే గుణం లేదని ఆయన అనుకున్నాడు. ఆయన శిష్యుడు ఎడ్విన్ గోల్డ్‌మన్ 1913లో రంగును నేరుగా మెదడు చుట్టూ ఉండే ద్రవంలోకి ఎక్కించాడు. ఈసారి మెదడుకు రంగు పట్టింది! అంటే అడ్డుపడుతున్నది మెదడు కాదు, నడుమ మరేదో ఉంది. అదే ఏడు ష్నౌడిగెల్ అనే కంటివైద్యుడు కుందేళ్ల రక్తంలోకి ట్రైపాన్ బ్లూ ఎక్కించి, రెటీనాకూ అలాంటి కాపలా ఉందని గమనించాడు.

ఆ కాపలా ఎక్కడుందో తేల్చడానికి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు రావలసి వచ్చింది. 1966లో పోర్చుగల్ వైద్యుడు జోజె కున్యా-వాజ్, లండన్‌లో నార్మన్ ఆష్టన్ దగ్గర పనిచేస్తూ, రెటీనా రక్తనాళాల లోపలి కణాలు ఒకదానికొకటి ఎంత బిగువుగా అతుక్కుని ఉంటాయో చూపించాడు. ఇది లోపలి గోడ. రెటీనా వెనకనున్న రంగుకణాల పొర బయటి గోడ.

మొదట్లో చెప్పిన యాంజియోగ్రామ్ ఇద్దరు మెడికల్ విద్యార్థుల చలవ. అమెరికాలోని ఇండియానాలో హెరాల్డ్ నొవోట్నీ, డేవిడ్ అల్విస్ 1959లో ఈ పని చేశారు. ముందు ఎవరి చేతికి సూది గుచ్చాలని బొమ్మా బొరుసూ వేసుకుంటే అల్విస్ ఓడాడని చెబుతారు. కంటి పత్రిక వాళ్లు వ్యాసాన్ని తిప్పికొడితే, 1961లో గుండెజబ్బుల పత్రిక ‘సర్క్యులేషన్’ వేసుకుంది. ఈ రోజు ఆ పరీక్ష లేని రెటీనా ఆసుపత్రిని ఊహించుకోవడమే కష్టం.

గోడ కనబడింది, కారడమూ కనబడింది. మరి కన్నం వేసేదెవరు? 1948లోనే ఐజాక్ మైకేల్సన్ ఒక ఊహ చేశాడు. ప్రాణవాయువు చాలని రెటీనా ఏదో పదార్థాన్ని వదులుతుందనీ, దాని పిలుపుకే కొత్త నాళాలు మొలుస్తాయనీ ఆయన అంచనా. పేరు తెలియని ఆ పదార్థానికి ‘ఫ్యాక్టర్ ఎక్స్’ అన్న పేరు నిలిచిపోయింది. దాని జాడ కోసం కంటివైద్యులు నాలుగు దశాబ్దాలకు పైగా ఎదురుచూశారు.

జాడ దొరికింది కంటిలో కాదు, గినీ పందుల పొట్టలో. బోస్టన్‌లో హెరాల్డ్ డ్వోరాక్, డొనాల్డ్ సెంగర్‌లకు ఒక అనుమానం: క్యాన్సర్ గడ్డలున్న జంతువుల పొట్టలో అంత నీరెందుకు చేరుతోంది? ఆ నీటిలో రక్తనాళాలను కారేట్టు చేసే ప్రొటీన్ ఒకటుందని 1983లో ప్రకటించారు. అదే పని చేసే హిస్టమిన్ కన్నా దాదాపు 50,000 రెట్లు బలమైనదని లెక్క తేలింది. 1989లో కాలిఫోర్నియాలోని జెనెన్‌టెక్‌లో నెపొలియోనె ఫెరారా, రక్తనాళాలను పెంచే ప్రొటీన్ ఒకదాన్ని వేరుచేసి, వీఈజీఎఫ్ అని పేరు పెట్టాడు. తీరా జన్యువు చదివితే రెండూ ఒకటే. పేరు మాత్రం ఫెరారాదే నిలిచింది, 2010 లాస్కర్ బహుమతీ ఆయనకే వెళ్లింది. డ్వోరాక్ పాలు కాస్త తక్కువైందనే నా అభిప్రాయం. కంటి విషయానికొస్తే ఆయన చూసిన గుణమే ఎక్కువమంది చూపును బలిగొంటోంది.

1994లో బోస్టన్‌లోనే లాయిడ్ ఐయెలో బృందం 164 మంది కంటిద్రవాన్ని పరీక్షించింది. షుగరు వల్ల కొత్త నాళాలు మొలిచిన కళ్లలో వీఈజీఎఫ్ మెండుగా ఉంది. మైకేల్సన్ ఊహించింది దాదాపుగా దీన్నే. ఆ తర్వాత డేవిడ్ ఆంటొనెట్టి బృందం కన్నం పడే తీరునే పట్టుకుంది. నాళపు కణం మీది గ్రాహకానికి వీఈజీఎఫ్ తగలగానే లోపల ఎంజైములు మేలుకుంటాయి. కణాలను అతికి ఉంచే ఆక్లూడిన్ అనే ప్రొటీన్‌కు ఫాస్ఫేట్ తగులుకుంటుంది. దాంతో అది అంచు వదిలి కణం లోపలికి జారుకుంటుంది. అతుకు వదులవుతుంది, నీరు ఊరుతుంది, రెటీనా నడుమ వాపు తేలుతుంది.

అలాగని వీఈజీఎఫ్‌ను ఉత్త దొంగగా చూడలేం. వెనకనున్న రంగుకణాలు రోజూ దాన్ని కాస్త కాస్తగా వదులుతూనే ఉంటాయి. వాటికి రక్తమిచ్చే నాళాలు బతికేది దాని మీదే. మోతాదు మించితేనే ముప్పు. గోడను నిలబెట్టే పక్షమూ ఉంది. నాళాన్ని బయటినుంచి కావలించుకుని ఉండే పెరిసైట్ కణాలు యాంజియోపొయెటిన్-1 అనే ప్రొటీన్‌ను వదిలి అతుకుల్ని బిగువుగా ఉంచుతాయి. ఆ కణాలను నాళం దగ్గరికి పిలిచేది పీడీజీఎఫ్ అనే మరో పెరుగుదల కారకం. షుగరు రోగుల రెటీనాలో పెరిసైట్లు చాలా ముందే రాలిపోతాయని డేవిడ్ కోగన్, తొయిచిరో కువబారా 1960ల తొలినాళ్లలోనే చూశారు. అవి పోయాక యాంజియోపొయెటిన్-2ది పైచేయి. అది మొదటిదాని చోటు ఆక్రమించి బిగువు తీసేస్తుంది.

మందులు ఈ దారినే వచ్చాయి. వీఈజీఎఫ్‌ను పట్టుకునే మందుగా పేగు క్యాన్సర్‌కని 2004లో వచ్చిన అవాస్టిన్‌ను మయామీలో ఫిలిప్ రోజెన్‌ఫెల్డ్ 2005లో కంటిలోకి సూక్ష్మ మోతాదులో ఇచ్చి చూశాడు. ఒక సీసాను చాలామందికి పంచే ఆ పద్ధతి మన దేశంలోనూ ఎందరి జేబులనో కాపాడింది. కంటికనే చేసిన రానిబిజుమాబ్ 2006లో అమెరికాలో అనుమతి పొందింది. దానిలాగే పనిచేసే బయోసిమిలర్ మందు 2015లో అహ్మదాబాద్ కంపెనీ ఇంటాస్ నుంచి వచ్చింది. 2022లో వచ్చిన ఫారిసిమాబ్ వీఈజీఎఫ్‌తో పాటు యాంజియోపొయెటిన్-2నూ పట్టుకుంటుంది.

ఎన్ని సూదులు వేసినా వాపు దిగని కళ్లు కొన్ని ఉంటాయి. వాపు రేపే కారకాలు ఇంకా ఉన్నాయి, వాటికి వీఈజీఎఫ్‌తో పనిలేదు. అలాంటివారికి డాక్టర్లు స్టెరాయిడ్ సూది వేస్తారు. అది ఆక్లూడిన్ అతుకులను తిరిగి బిగిస్తుందని చూపించిందీ ఆంటొనెట్టి బృందమే. కాకపోతే దాంతో శుక్లం త్వరగా ముదురుతుంది, కొందరికి కంటి ఒత్తిడి పెరుగుతుంది. అందుకే సూది వేశాక కూడా కంటి ఒత్తిడి చూపించుకోవడానికి మళ్లీ మళ్లీ రమ్మంటారు.