ఆగినచోటి నుండి ముందుకు – డాల్టన్ పద్ధతి కథ

ఒక తరగతిలో నలుబదిమంది విద్యార్థులున్నారనుకొందము. ఉపాధ్యాయుడు నల్లబల్ల మీద ఆర్కిమెడీస్ సూత్రమును వివరించుచున్నాడు. పదిమందికి ఆ సంగతి మొదటి అయిదు నిమిషములలోనే బోధపడినది. వారి చూపు కిటికీ వైపు మరలినది. ఇరువదిమంది ఎట్లో వెంబడించుచున్నారు. తక్కిన పదిమందికి సాంద్రత యనగానేమో ఇంకను తెలియదు. ఇంతలో గంట మ్రోగును. భౌతికశాస్త్రము మూతపడి చరిత్ర పాఠము మొదలగును. తెలిసినవానికిని తెలియనివానికిని ఆ గంటయే కొలత. ఈ చిక్కు క్రొత్తది కాదు. దీనిని విడదీయుటకు ఇరువదవ శతాబ్దారంభమున జరిగిన ప్రయత్నములలో పేరుపొందినది డాల్టన్ పద్ధతి.

డాల్టన్ అనగానే విజ్ఞానశాస్త్ర విద్యార్థులకు పరమాణు సిద్ధాంతము గుర్తునకు వచ్చును. కాని ఈ పేరునకు ఆ శాస్త్రజ్ఞునితో సంబంధము లేదు. ఇది అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రమున ఒక చిన్న పట్టణము పేరు. పద్ధతిని రూపొందించిన ఉపాధ్యాయిని హెలెన్ పార్క్‌హర్స్ట్.

ఆమె 1904లో విస్కాన్సిన్ రాష్ట్రమున ఒక పల్లెటూరి బడిలో ఉద్యోగమున ప్రవేశించెను. బడికి ఉన్నది ఒక్కటే గది. అందులో ఎనిమిది తరగతులకు చెందిన నలుబదిమంది పిల్లలు. ఒక తరగతికి పాఠము చెప్పుచుండగా తక్కిన ఏడు తరగతులును ఏమి చేయవలెను? ఈ ప్రశ్నకు ఆమె ఏ గ్రంథములోను సమాధానము వెదకలేదు. గదిలోని ఒక్కొక్క మూలను ఒక్కొక్క విషయమునకు కేటాయించెను. సామానులు పడవేయు కొట్టును గ్రంథాలయముగా మార్చెను. పెద్దపిల్లలు చిన్నపిల్లలకు సాయపడునట్లు ఏర్పాటు చేసెను. అవసరము నేర్పిన ఈ ఉపాయమే తరువాతి పద్ధతికంతటికిని బీజమైనది.

1914లో ఆమె ఇటలీకి పోయి మారియా మాంటిసోరి వద్ద శిక్షణ పొందెను. చిన్నపిల్లలు తమకు నచ్చిన పరికరమును తామే ఎంచుకొని, తృప్తి తీరువరకు దానితో పనిచేయుట అక్కడ ఆమె చూచెను. ఈ స్వేచ్ఛను పెద్ద తరగతులకు ఎట్లు అన్వయింపవచ్చునన్నది ఆమె ముందున్న సమస్య. ఆ కాలముననే సాన్‌ఫ్రాన్సిస్కోలో ఫ్రెడరిక్ బర్క్, 1919 నుండి వినెట్కాలో కార్ల్‌టన్ వాష్‌బర్న్, ప్రతి విద్యార్థియు తన వేగముతో సాగు విధానములను పరీక్షించుచుండిరి. 1920లో డాల్టన్ పట్టణపు ఉన్నత పాఠశాల తన తలుపులు తెరచుటతో పార్క్‌హర్స్ట్ ఆలోచన ఆచరణలోనికి వచ్చెను. 1922లో ఆమె దీనిని వివరించుచు ఒక గ్రంథమును ప్రకటించెను.

ఈ పద్ధతిలో తరగతి గదులు ప్రయోగశాలలుగా మారును. రసాయనశాస్త్రమునకే కాదు, గణితమునకు, చరిత్రకు, భాషకు గూడ ప్రయోగశాల యుండును. ఆ విషయపు పుస్తకములు, పటములు, పరికరములు అచ్చటనే యుండును. ఆ ఉపాధ్యాయుడును అచ్చటనే యుండును. నెల మొదట విద్యార్థికి ప్రతి విషయములోను చేయవలసిన పని వ్రాతమూలకముగా ఇయ్యబడును. ఇది ఇరువది పనిదినములకు సరిపోవు పని. విద్యార్థి దానిని ఒక ఒప్పందముగా స్వీకరించును. పిమ్మట గంట మ్రోగదు. ఏ విషయము ముందు, ఏది వెనుక, దేనికి ఎంతసేపు, ఒంటరిగా చదువవలెనా, మిత్రులతో చర్చింపవలెనా — ఇవి యన్నియు అతని నిర్ణయములు. గణితములో వెనుకబడినవాడు ఉదయమంతయు గణిత ప్రయోగశాలలో గడుపవచ్చును. అది సులభముగా వచ్చినవాడు ఆ కాలమును భూగోళమునకు మరల్చుకొనవచ్చును.

ఇట్లు విడిచిపెట్టిన పిల్లవాడు ఇష్టమైన విషయమునే పట్టుకొని కూర్చుండడా? దీనికి పార్క్‌హర్స్ట్ ఒక నియమమును విధించెను. ఆ నెల ఒప్పందము అన్ని విషయములలోను పూర్తియైనగాని ఏ ఒక్క విషయములోను తరువాతి నెల పనిని చేపట్టరాదు. అనగా క్రమమును ఎంచుకొను స్వేచ్ఛ కలదు. వదలివేయు స్వేచ్ఛ లేదు. మందగతిగలవానికి మరియొక సౌకర్యము కలదు. సంవత్సరములో ఎనిమిది నెలల పనిని మాత్రమే చేయగలిగినవాడు మరుసటి యేడు తొమ్మిదవ నెల పనితో ఆరంభించును. చేసిన చదువును చెరిపివేసి మరల మొదటినుండి చదువవలసిన పని లేదు.

ఎవరెంతవరకు వచ్చిరో తెలియుటకు మూడు రేఖాపటములు వాడిరి. ఒకటి విద్యార్థి చేతిలోనిది. అన్ని విషయములలోను తాను నడచిన దూరమును అందులో అతడే గుర్తించుకొనును. రెండవది ప్రయోగశాలలోనిది, ఒక విషయములో విద్యార్థులందరి స్థితిని ఉపాధ్యాయునికి చూపును. మూడవది తరగతి మొత్తపు పురోగతిని చూపును. రోగి జ్వరమును పటము మీద గుర్తించి వైద్యుడు చికిత్సను నిర్ణయించునట్లు, ఈ గీతలను చూచి ఎవరికి సాయము కావలెనో ఉపాధ్యాయుడు నిర్ణయించును.

పద్ధతి త్వరితముగా వ్యాపించెను. 1920లోనే లండనులోని స్ట్రెతమ్ బాలికల పాఠశాల దీనిని చేపట్టెను. 1924లో పార్క్‌హర్స్ట్ జపానుకు పోయి ఉపన్యసించెను. నెదర్లాండ్స్‌లో డాల్టన్ పేరుగల పాఠశాలలు నేటికిని నడచుచున్నవి.

సోవియట్ రష్యాలో మాత్రము కథ వేరు విధముగా ముగిసెను. 1920లలో అక్కడివారు దీనిని మార్చి, విద్యార్థులను చిన్న దళములుగా విభజించి, పనిని దళమునకు ఒప్పగించిరి. సమాధానమును గూడ దళమే చెప్పవచ్చును. ఫలితమేమనగా, ఒక్కడు చదివిన అందరును ఉత్తీర్ణులగుచుండిరి. 1932 ఆగస్టులో కమ్యూనిస్టు పార్టీ కేంద్రసంఘము ఈ విధానమును ఖండించి, ఉపాధ్యాయుడు నడపు తరగతి పాఠమునే పునరుద్ధరించెను. ఇచ్చట మార్పు చిన్నదిగా కనబడును. కాని తీసివేసినది కీలకమైన చీలను. ప్రతి విద్యార్థికిని తనదైన ఒప్పందము, తనదైన రేఖాపటము ఉండుట పద్ధతికి ప్రాణము. అది పోయినప్పుడు స్వేచ్ఛ నిలువలేదు.

అసలు పద్ధతిలోను లోపములు లేకపోలేదు. పని అంతయు వ్రాతలో ఉండుటచే చదువుటయే కష్టమైన బాలుడు మొదటి మెట్టుననే తొట్రుపడును. నెలనెలకు, విషయ విషయమునకు పనిపత్రములు సిద్ధపరచుట ఉపాధ్యాయునికి పెద్ద భారము. ఆ పత్రములు నిస్సారములైనచో విద్యార్థికి మిగులునది పుస్తకము చూచి వ్రాసికొనుట మాత్రమే.

ఈ చరిత్రకు తెలుగుదేశముతో గూడ ఒక చుట్టరికము కలదు. పార్క్‌హర్స్ట్‌కు శిక్షణ ఇచ్చిన మాంటిసోరి 1939లో మద్రాసు అడయారునకు వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణ తరగతులు నడిపెను. యుద్ధకాలమంతయు ఆమె భారతదేశముననే యుండెను. తరువాత 1980ల చివర, 1990లలో మదనపల్లె సమీపమున రిషీవ్యాలీ విద్యాకేంద్రమువారు చుట్టుప్రక్కల పల్లెలలో చిన్న పాఠశాలలు స్థాపించిరి. అచ్చట వారికి ఎదురైనది విస్కాన్సిన్ సమస్యయే: ఒక్క గది, ఒక్క ఉపాధ్యాయుడు, పలు తరగతులు.

వారు పాఠ్యపుస్తకమును చిన్న చిన్న కార్డులుగా విడదీసిరి. గోడమీద మెట్లుమెట్లుగా ఒక నిచ్చెన పటమును వ్రేలాడదీసిరి. పిల్లవాడు తానున్న మెట్టును తానే గుర్తించి, దానికి తగిన కార్డును తీసికొని, కొన్ని పనులు ఉపాధ్యాయునితో, కొన్ని తోటివారితో, కొన్ని ఒంటరిగా చేయును. చదువలేనివానికి కార్డుమీది బొమ్మ గుర్తు దారి చూపును. కోతల రోజులలో బడికి రానివాడు తిరిగి వచ్చినప్పుడు ఆగిన మెట్టు నుండియే ఎక్కును. ఇచ్చట మెట్ల వరుసను పిల్లవాడు మార్చలేడు. వేగము మాత్రము అతనిదే. 2003 నుండి చెన్నై నగరపాలక పాఠశాలలు ఈ మార్గమును అనుసరించెను. కొన్ని యేండ్లలో అది తమిళనాడు ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలకు వ్యాపించెను.

ఈ వృత్తాంతమునుండి ఒక సంగతి స్పష్టమగుచున్నది. నలుబదిమందికి నలుబది పాఠములు చెప్పుట ఏ ఉపాధ్యాయునికిని సాధ్యము కాదు. కాని నలుబదిమందికిని తామెచ్చటనున్నారో తెలియజేయుట సాధ్యము. నేటి ఉన్నత పాఠశాలలో కాలపట్టికను మార్చు అధికారము ఉపాధ్యాయునికి లేకపోవచ్చును. అయినను ఒక ప్రకరణమును పది పనులుగా విడదీసి, అందరును చేయవలసినవి అయిదు, ఎంచుకొనదగినవి అయిదు అని నిర్ణయించి, ప్రతివాని చేతికి ఒక గళ్ల కాగితమును ఇచ్చుటకు ఎవరి అనుమతియు అక్కరలేదు. ఆ కాగితము మీద తాను గీసికొనిన గీత ఎంత పొట్టిదైనను అది తనదేనని బాలుడు ఎరుగును. మరునాడు అచ్చటి నుండియే ముందుకు సాగును.